కళాస్వేచ్ఛ పాఠంలో ఒక చిక్కుముడి, దయచేసి సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. డిగ్రీ విద్యార్థులకు కళాస్వేచ్ఛపై పాఠం సిద్ధం చేసుకుంటూ ఒకచోట ఆగిపోయాను. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన డాలస్‌లోని డీలీ ప్లాజాలో, 2010 మార్చిలో గాయని ఎరికా బడూ అనుమతి తీసుకోకుండా తన ‘విండో సీట్’ పాట వీడియో చిత్రీకరించారు. నడుస్తూనే ఒక్కొక్క దుస్తూ విడిచేసి, వీపుపై రాసుకున్న ‘ఎవాల్వింగ్’ (పరిణామం చెందుతూ) అన్న మాట కనిపిస్తుండగా ముందుకు సాగి, చివర తుపాకీ చప్పుడు వినిపించగా తూటా తగిలినట్టు నేలపై పడిపోయారు. చుట్టూ పిల్లలతో వచ్చినవారూ ఉండటంతో దుమారం రేగింది, 500 డాలర్ల జరిమానా పడింది. అందరూ ఒకేలా ఆలోచించాలనే ఒత్తిడిపై నిరసనగా తీసిన ఆ వీడియోను నేను గౌరవిస్తాను; అయినా ఆ తల్లిదండ్రుల కోపాన్ని కొట్టిపారేయలేను. నగ్నత్వంపై అభ్యంతరం వేరు, చూసేవారి ఇష్టం అడగకపోవడంపై అభ్యంతరం వేరు అని విద్యార్థులకు ఎలా విడమరచాలి? నగ్నచిత్రాన్ని సందర్భంతో కలిపి చూడాలని 2014లో అవీక్ సర్కార్ కేసులో (పత్రికలో నగ్నచిత్రం ప్రచురించడంపై వచ్చిన కేసు) మన సుప్రీంకోర్టు చెప్పిన మాట, వీధిలో జరిగిన ఇలాంటి ప్రదర్శనకూ వర్తిస్తుందా? న్యాయశాస్త్రం తెలిసినవారు వివరించగలరు.