ఏ పనికి ఎంత టైము పడుతుందో తెలియనప్పుడు ముందే షెడ్యూలు వేయడం దండగ కాదా?

ప్లానింగ్‌బల్ల:
జాబ్ షాప్, అంటే ఆర్డర్లని బట్టి రకరకాల పనులు చేసే మెషిన్ షాపు సంగతి తెలిసిందే కదా, ఒక్కో జాబ్‌ది ఒక్కో దారి, ఒకటి లేత్ నుంచి మిల్లింగ్‌కి వెళ్తే ఇంకోటి మిల్లింగ్ నుంచి లేత్‌కి వస్తుంది. ప్రతి ఆపరేషన్‌కి సగటు టైము పెట్టి సాఫ్ట్‌వేర్‌తో షెడ్యూలు తీస్తాం. పొద్దున తీసింది మధ్యాహ్నానికి చెల్లదు. అందుకే నేననేది, ఈ తతంగం మానేసి, మెషిన్ ఖాళీ అవగానే క్యూలో ఏది తక్కువ టైముదో అది ఎక్కించేస్తే సరిపోతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కలమాస్టారు:
తప్పు షెడ్యూలుది కాదండీ, సగటుది. గ్రైండింగ్ మొదలవ్వాలంటే రెండు జరగాలి: ముక్క మిల్లింగ్ నుంచి రావాలి, గ్రైండర్ మీద ముందున్న జాబ్ దిగాలి. రెండింటికీ 8 నిమిషాలో 12 నిమిషాలో పడుతుంది, సగం సగం అవకాశం, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు అనుకోండి. సగటు 10 కాబట్టి సాఫ్ట్‌వేర్ గ్రైండింగ్‌ని పదో నిమిషంలో మొదలుపెడుతుంది. నాలుగు సందర్భాల్లో రెండూ 8కే అయ్యేది ఒక్కటే, మిగతా మూడింట్లో 12 దాకా ఆగాల్సిందే, అంటే అసలు సగటు 11. ఇలాంటి కలయిక ప్రతి ఆపరేషన్ ముందూ ఉంటుంది, ఆలస్యం పేరుకుంటూ పోతుంది. ప్రాజెక్టు ఎప్పటికి పూర్తవుతుందో అంచనా వేసే పాత పెర్ట్ లెక్కకి కూడా ఇదే జబ్బు, పూర్తయ్యే టైముని తక్కువ చేసి చూపిస్తుంది. ఇక మీ 'చిన్నది ముందు' పద్ధతి ఒక్క మెషిన్ మీద సగటు నిరీక్షణని తగ్గిస్తుంది, నిజమే, కానీ పెద్ద జాబ్ ఎప్పటికీ క్యూ చివరే పడుంటుంది. దాని డెలివరీ డేట్‌కి జవాబు ఎవరు చెప్తారు?

కట్టర్‌ధూళి:
మీరిద్దరూ టైముల మీద కొట్టుకుంటున్నారు గానీ ఆ టైములు ఎక్కడివో చూశారా? జాబ్ కార్డు నింపేది షిఫ్ట్ చివర్లో, గుర్తున్నంత మటుకు. అందుకే అన్నీ అరగంట, గంట, గంటన్నర. 37 నిమిషాలు అని రాసిన కార్డు చూపించండి చూద్దాం! పైగా మొదటి పీస్ ఇన్‌స్పెక్షన్ కోసం ఆగింది, ఇన్సర్ట్ (కోసే మొన) విరిగితే స్టోర్ నుంచి తెచ్చుకున్నది, క్రేన్ కోసం నిలబడ్డది, అంతా మెషినింగ్ టైములోనే కలిసిపోతుంది. కటింగ్ టైము పెద్దగా మారదు సార్, మారేది ఆగే టైము. దాన్ని విడిగా రాయకుండా ఎంత గొప్ప గణితం పెట్టినా చెత్తే వస్తుంది.

గామా_విలువ:
కట్టర్‌ధూళి గారి మాటకి నా ఓటు. కానీ ప్లానింగ్‌బల్ల గారూ, టైములన్నీ ఖాయంగా తెలిసినా ఇది సులువైన లెక్కేం కాదు. 10 జాబ్‌లు, 10 మెషిన్లతో 1963లో అచ్చయిన ఒక ప్రసిద్ధ లెక్కకి, అన్ని జాబ్‌లూ పూర్తయ్యే మొత్తం టైము 930 కంటే తక్కువ రాదని రుజువయ్యేసరికి 1989 వచ్చింది. కాబట్టి అత్యుత్తమం కోసం పట్టుబట్టకండి, కుదుపు తట్టుకునేది చాలు. అలాగని అన్ని ఆపరేషన్లూ ఒకేసారి ఆలస్యమవుతాయని షెడ్యూలు వేస్తే డెలివరీ డేట్లు మరీ దూరం పోతాయి. బెర్ట్‌సిమాస్, సిమ్ అనే పరిశోధకులు 2004లో చెప్పిన పద్ధతి నాకు నచ్చుతుంది: గామా అని ఒక సంఖ్య పెట్టుకుని, గరిష్ఠంగా ఆ సంఖ్యలో ఆపరేషన్లు మాత్రమే ఆలస్యమవుతాయి, అవి ఏవైనా కావచ్చు అని లెక్క వేయడం.

ప్లానింగ్‌బల్ల:
ఆ గామా ఎంత పెట్టాలో ఎవరు చెప్తారు? మళ్లీ అంచనాయే కదా. నేను చెప్పే రూల్‌కి ఏ అంచనా అక్కర్లేదు.

లెక్కలమాస్టారు:
అక్కర్లేకపోవడమేంటి, ఏ జాబ్ చిన్నదో తెలియాలన్నా అంచనా కావాలిగా! అసలు షెడ్యూలు అంటే గంటల పట్టిక అనుకోవడం దగ్గరే మనకి తేడా వస్తోంది. నేనైతే అన్నిటికంటే లోడ్ ఎక్కువున్న మెషిన్ మీద వరుస ఒక్కటే ఖాయం చేస్తాను, గంటలు వాటంతట అవి జరుగుతాయి, మిగతా మెషిన్ల దగ్గర మీ రూల్ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఎందుకంటే క్యూ పెరిగేది ఆ లోడ్ ఎక్కువున్న మెషిన్ దగ్గరే. క్యూలో ఎదురుచూపు ఎంతో అంచనా వేసే 1961 నాటి కింగ్‌మన్ సూత్రం ప్రకారం, టైముల ఒడిదొడుకులు అంతే ఉన్నా, ఎదురుచూపుని పెంచే గుణకం 80 శాతం లోడ్‌కి 4, 90కి 9, 95కి 19. మెషిన్‌ని 95 శాతం నింపేసి షెడ్యూలు నిలవట్లేదంటే షెడ్యూలేం చేస్తుంది?

కట్టర్‌ధూళి:
వరుస ఖాయం అన్నారు, బాగుంది. గ్రైండర్ మీద మూడో నంబర్ జాబ్ ఇంకా హీట్ ట్రీట్‌మెంట్ నుంచి రాలేదు, నాలుగోది ఎదురుగా ట్రాలీలో ఉంది. ఆపరేటర్ చేతులు కట్టుకుని కూర్చోవాలా?

గామా_విలువ:
మూడోది పది నిమిషాల్లో వస్తుందని కచ్చితంగా తెలిసి, నాలుగోదానికి వీల్ మార్చాల్సి వస్తే ఆగడమే మేలు. సెటప్ ఒకటే అయితే ఎక్కించేయండి.

కట్టర్‌ధూళి:
హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లు ఎప్పుడు అడిగినా 'పది నిమిషాలు' అనే అంటారు బ్రదర్. నేనైతే నాలుగోది ఎక్కిస్తా.