జనవరిలో ఎల్లోస్టోన్: మూడు రోజుల్లో లామార్ లోయకు ఎన్ని, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు ఎన్ని?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే జనవరి మూడో వారంలో ఫొటోలు తీయడం కోసమే అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనానికి వెళ్లాలనుకుంటున్నాను. జంతువుల కోసం అక్కడి లామార్ లోయకు ఎన్ని రోజులు, వేడినీటిని పైకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్‌కు ఎన్ని రోజులు ఇవ్వాలన్నదే సందేహం. బోజ్‌మన్ వరకు విమానంలో వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, ఉద్యానవనం ఉత్తర ద్వారం దగ్గరున్న గార్డినర్ ఊరిలో బస చేస్తాము. చేతిలో ఉన్నవి మూడు పూర్తి రోజులు మాత్రమే. కొల్లేరులోనూ నేలపట్టులోనూ గూడబాతులను, కొంగలను చాలాకాలం తీశాను గానీ, మంచులో కెమెరా పట్టిన అనుభవం దాదాపు లేదు. ఇక్కడ ఒకసారి మంచు పడిన రోజున తీసిన ఫొటోలన్నీ బూడిద చల్లినట్టు వచ్చాయి. నా దగ్గర 100-500 జూమ్ లెన్స్, ఒక వైడ్ లెన్స్ ఉన్నాయి. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు కూడా నాతో వస్తున్నారు. ఆయనకు 68 ఏళ్లు, మంచును ఇంతవరకు సినిమాల్లో తప్ప చూడలేదు. రోజులను ఎలా పంచుకోవాలో, చలిలో కెమెరాను ఎలా కాపాడుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (డెన్వర్ నుంచి)

ముందుగా దారుల సంగతి తెలుసుకోండి, మీ ప్రశ్నలో సగం దానితోనే తేలిపోతుంది. చలికాలంలో ఆ ఉద్యానవనంలో మామూలు కార్లు తిరగగలిగేది ఒక్క దారిలోనే. అది గార్డినర్ నుంచి మామత్ హాట్ స్ప్రింగ్స్, టవర్ జంక్షన్, లామార్ లోయల మీదుగా ఈశాన్య ద్వారం దాటి కుక్ సిటీ వరకు, 50 మైళ్లకు పైగా సాగుతుంది. కుక్ సిటీ దాటాక అటువైపు దారి కూడా మంచుతో మూసుకుపోతుంది కాబట్టి వెళ్లిన దారినే వెనక్కి రావాలి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వైపు డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య వరకు మంచు మీద నడిచే వ్యాన్లు (స్నోకోచ్‌లు), గైడ్‌తో వెళ్లే మంచు మోటారుబళ్లు (స్నోమొబైళ్లు) మాత్రమే తిరుగుతాయి. అందుచేత మూడు రోజులూ లామార్‌కే ఇవ్వమని నేనంటాను. చోటు మారే కొద్దీ ఫొటోలు పెరుగుతాయనుకోవడం వేసవి లెక్క. చలికాలంలో ఒక్క మలుపు దగ్గర గంటసేపు ఆగినవాడికే ఏదైనా దొరుకుతుంది.

నాలుగు శీతాకాలాలుగా వెళుతున్నాను, నాకు నచ్చిన ఫొటో ఒక్కటే. ఒక బైసన్ (అమెరికా అడవిదున్న) ముక్కు దగ్గర నుంచి కొమ్ముల వరకు మంచులో ముంచి, తలను అటూ ఇటూ ఊడ్చి, కింద ఉన్న ఎండుగడ్డిని వెతుక్కుంటోంది. తల ఎత్తినప్పుడు గడ్డం వెంట్రుకలకు మంచు ముద్దలు వేలాడుతున్నాయి, ఊపిరి పొగలా లేచి కనురెప్పల మీదే గడ్డకడుతోంది. దానికోసం కారులోనే కూర్చుని 40 నిమిషాలు ఎదురుచూశాను. తోడేళ్ల విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోండి. 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ల సంతతి లామార్‌లో కనబడుతుంది గానీ, తరచూ మైలు దూరంలో. మీ లెన్స్‌ను 500 వరకు జూమ్ చేసినా అవి చుక్కలే. రోడ్డు పక్కన టెలిస్కోపులు పెట్టుకుని నిలబడేవారిని మర్యాదగా అడిగితే మీ నాన్నగారికి చూపిస్తారు, అది మాత్రం వదులుకోకండి. తోడేళ్లకు, ఎలుగులకు 100 గజాలు, బైసన్‌కు, ఎల్క్ అనే పెద్ద జింకకు 25 గజాలు దూరం ఉండాలన్నది నియమం. డ్రోన్‌కు అనుమతి లేదు.

జవాబు (సియాటెల్ నుంచి)

డెన్వర్ గారితో పూర్తిగా ఏకీభవించలేను. మంచు మొదటిసారి చూడబోయే పెద్దాయనను మూడు రోజులు ఒకే రోడ్డు మీద తిప్పడం న్యాయం కాదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర గడ్డకట్టే చలిలో వేడినీటి ఆవిరి లేచి పక్కనున్న చెట్ల కొమ్మలకు పట్టి, అవి తెల్లటి దయ్యాల్లా నిలబడతాయి. ఆ దృశ్యం వేసవిలో దొరకదు. అయితే అక్కడికి పోయి అదే రోజు తిరిగి వస్తే రోజంతా ప్రయాణానికే పోతుంది. వెళితే అక్కడి స్నో లాడ్జ్ హోటల్లో ఒక రాత్రి ఉండాలి, గది చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరి నుంచి ఒక రోజు యాత్రలు ఉన్నాయని ఎవరైనా చెబుతారు గానీ, లోపలి దారులు మూసి ఉంటాయి కాబట్టి గార్డినర్ నుంచి ఆ ఊరికి బోజ్‌మన్ మీదుగా చుట్టుతిరిగి పోవాలి. మీ మూడు రోజుల్లో అది కుదరదు.

ఒక జాగ్రత్త: గీజర్ ఆవిరిలో సిలికా ఉంటుంది. లెన్స్ మీద పడిన తుంపర ఆరిపోతే మచ్చ అద్దానికి అంటుకుపోతుంది. గాలికి ఎదురుగా కాక పక్కగా నిలబడండి, ఫిల్టర్ బిగించుకోండి, తుంపర పడితే వెంటనే తుడవండి.

జవాబు (మినియాపోలిస్ నుంచి)

మీ మంచు ఫొటోల బూడిద రంగుకు కారణం కెమెరాలో వెలుగును కొలిచే మీటరే. ఎదురుగా ఉన్నదంతా నడిమి బూడిద రంగుకు తేవాలని అది చూస్తుంది, అందుకే తెల్లటి మంచు నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు వరకు పెంచి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) హిస్టోగ్రామ్, అంటే ఫొటోలోని వెలుగునీడల గ్రాఫు, చూసుకోండి. కానీ నల్లటి బైసన్ ఫ్రేమంతా నిండితే ఆ పెంపు తీసివేయాలి, లేకపోతే వెనుకనున్న మంచు పూర్తిగా తెల్లగా కాలిపోతుంది. నీడల్లో కనిపించే నీలం రంగును పూర్తిగా తీసివేయకండి, చలి కనబడేది దానిలోనే.

చలిలో కెమెరా చెడదు, లోపలికి తెచ్చేటప్పుడు చెడుతుంది. మొదటి ఏడాది నేను వణుకుతూ వచ్చి కెమెరాను నేరుగా వెచ్చని గదిలో బల్ల మీద పెట్టాను. రెండు నిమిషాల్లో బయటి అద్దం మీదే కాదు, లెన్స్ లోపల కూడా చెమ్మ పట్టింది. మర్నాటి ఉదయమంతా అది ఆరేదాకా కూర్చున్నాను. బయటే మెమరీ కార్డు తీసుకుని, బ్యాగు జిప్పు పూర్తిగా వేసి, గదిలోకి తెచ్చాక రెండు మూడు గంటలు తెరవకండి. బ్యాటరీలు కనీసం మూడు, అవి కోటు లోపలి జేబులో ఉండాలి. చలికి ఆగిపోయిన బ్యాటరీ ఒంటి వేడికి మళ్లీ కొంత పనిచేస్తుంది. ఇంకొకటి: హీటర్ నడుస్తున్న కారు కిటికీ దించి తీస్తే, బయటికి వచ్చే వేడిగాలి వల్ల దూరంలోని జంతువు వణికినట్టు మెత్తగా వస్తుంది. లెన్స్ తప్పేమోనని చాలామంది అనుమానపడతారు. కాసేపు ముందే హీటరూ ఇంజనూ ఆపండి.

ప్రశ్న అడిగినవారు (డాలస్)

అందరికీ కృతజ్ఞతలు. స్నో లాడ్జ్‌లో మా తేదీలకు గదులు లేవు కాబట్టి, సియాటెల్ గారు మన్నించాలి, రెండు రోజులు లామార్‌కు, ఒక రోజు మామత్ హాట్ స్ప్రింగ్స్‌లో వేడినీటి బుగ్గలు కట్టిన రాతి మెట్లకు ఇస్తున్నాను. అక్కడ కూడా ఆవిరి, మంచు రెండూ ఉన్నాయి, నాన్నగారు నడవగలిగినంత దూరంలోనే ఉన్నాయి. హీటర్ ఆపాలన్న మాట నాన్నగారికి ఇంకా చెప్పలేదు. ఆయన మంకీ క్యాపు, రెండు శాలువాలు ఇప్పటికే పెట్టెలో పెట్టుకున్నారు. బూట్ల విషయంలో ఏవి తీసుకోవాలో ఎవరైనా చెప్పగలరా?

జవాబు (మినియాపోలిస్ నుంచి)

లోపల వెచ్చని పొర ఉండి నీరు పట్టని బూట్లను, మందపాటి ఊలు మేజోళ్లు తొడిగి చూసి, ఒక సైజు పెద్దవి కొనండి. బిగుతుగా ఉంటే కాలివేళ్లు త్వరగా చల్లబడతాయి. మామత్ చెక్కబాటల మీద మంచు గడ్డకట్టి జారుతుంది కాబట్టి బూటు అడుగున తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు ఆయనకు తప్పనిసరి, మీకు కూడా.