లివర్‌లో చీముగడ్డకు పైపు వేయించవచ్చునా?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

మా చిన్నాయనకు 46 ఏళ్లు. చలిజ్వరం, కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తుంటే టైఫాయిడ్ అనుకొని ఊళ్లోనే మందులు వాడించాము. తగ్గకపోవడంతో నల్లగొండలో స్కానింగ్ తీయించగా లివర్ కుడి భాగంలో 9 సెంటీమీటర్ల చీముగడ్డ ఉన్నట్టు తేలింది. చర్మం గుండా పైపు వేసి చీము తీయాలని డాక్టరు గారు చెబుతున్నారు. పొడిస్తే చీము కడుపంతా పాకుతుందని ఇంట్లో పెద్దలు భయపడుతున్నారు. మందులతోనే తగ్గుతుందా, లేక హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలా? ఆయనకు కల్లు అలవాటు ఉంది. షుగరు పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం (జనరల్ సర్జన్, మహబూబ్‌నగర్)

మీ పెద్దల భయం సహజమే. అయితే అంతకన్నా పెద్ద ప్రమాదం నిండుగా ఉన్న గడ్డ తనంతట తానే పగిలిపోవడం. అలా పగిలితే చీము కడుపులోకి గాని, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరలోకి గాని చేరుతుంది. ఎడమ భాగంలోని గడ్డ గుండె పొరలోకి కూడా పగలవచ్చు కనుక దాని విషయంలో మేము మరింత త్వరపడతాము.

ఈ గడ్డ అమీబా వల్ల వచ్చిందా, బాక్టీరియా వల్ల వచ్చిందా అన్నది ముందు చూడాలి. కలుషితమైన నీటితో, తిండితో పేగుల్లో చేరిన అమీబా రక్తం ద్వారా లివర్‌కు పాకుతుంది. ఇది మధ్యవయసు మగవారిలో, అందులోనూ మద్యం, కల్లు తాగేవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి మెట్రోనిడజోల్ ఒక్కటే సరిపోతుంది. మందు మొదలుపెట్టిన మూడు నాలుగు రోజులకూ జ్వరం దిగకపోయినా, గడ్డ బాగా పెద్దదైనా, దాని పైనున్న లివర్ పొర పలుచబడి పగిలేలా ఉన్నా చీము తీయవలసిందే. బాక్టీరియా గడ్డ షుగరు ఉన్నవారిలో, పిత్తనాళంలో అడ్డంకి ఉన్నవారిలో ఎక్కువ. అది 5 సెంటీమీటర్లు దాటితే సూదితో పదేపదే లాగడం కన్నా పైపు ఉంచడమే మేలని నా అభిప్రాయం.

పైపు వేసే ముందు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. గొర్రెల మందలు, కుక్కలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో అది హైడాటిడ్ నీటితిత్తి (కుక్కల నుంచి సోకే బద్దెపురుగు వల్ల ఏర్పడే నీటి సంచి) కాదని స్కానింగ్‌లో నిర్ధారించుకోవడం చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ తిత్తిలోని నీరు కారితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. ఆ తరువాత చర్మానికి మాత్రమే మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదిని, దాని గుండా సన్నని తీగను, ఆ తీగ మీదుగా పిగ్‌టెయిల్ గొట్టాన్ని పంపుతారు. లోపలి కొస చుట్టుకొని ఉంటుంది కనుక గొట్టం సులభంగా జారదు. దాదాపు 4 మిల్లీమీటర్ల మందం ఉండే ఆ గొట్టం గుండా చీము బయటి సంచిలోకి వస్తుంది కాబట్టి కడుపులోకి పాకే అవకాశం చాలా తక్కువ. రక్తస్రావం వంటి ఇబ్బందులు అరుదుగా ఉంటాయి, అందుకే ఆసుపత్రిలో ఉంచి గమనిస్తారు. గడ్డ కడుపులోకి పగిలినప్పుడు, పైపుతో చీము రానప్పుడు మాత్రమే కోత ఆపరేషన్ గురించి ఆలోచిస్తాము.

సమాధానం (స్టాఫ్ నర్సు, సూర్యాపేట)

పైపు వేశాక ఇంటివాళ్ల జాగ్రత్త చాలా అవసరం. సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందనే ఉండాలి, పక్క మీద తిరిగేటప్పుడు గొట్టం లాగుకుపోకూడదు. రోజూ ఎంత చీము వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో రాసి పెట్టండి. ఉన్నట్టుండి చీము ఆగి మళ్లీ జ్వరం వస్తే గొట్టం పూడుకుపోయి ఉండవచ్చు. రక్తం గాని, పచ్చటి పిత్తరసం గాని వస్తే వెంటనే చెప్పాలి. సెలైన్‌తో గొట్టం కడగడం సిబ్బంది పని, మీరు చేయవద్దు. రోజుకు 10 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తూ, జ్వరం పోయి, స్కానింగ్‌లో గడ్డ కుంచించుకుపోయిందని చూశాకే గొట్టం తీస్తారు.

ప్రశ్న అడిగినవారు

పైపు వేయిస్తే మందులు త్వరగా ఆపవచ్చునా?

సర్జన్

ఆపకూడదు. అమీబా అయితే 7 నుంచి 10 రోజుల మెట్రోనిడజోల్ తరువాత, పేగుల్లో మిగిలిన అమీబాను చంపడానికి డైలోక్సనైడ్ వంటి మందు విడిగా వాడాలి. జ్వరం తగ్గిందని చాలామంది దీన్ని వదిలేస్తారు, దానితో గడ్డ మళ్లీ రావచ్చు. బాక్టీరియా అయితే చీము కల్చర్ (చీములో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) ఫలితాన్ని బట్టి మొత్తం 4 నుంచి 6 వారాలు యాంటీబయాటిక్స్ పడతాయి. కల్లు పూర్తిగా మాన్పించండి, షుగరు పరీక్ష ఇప్పుడే చేయించండి. స్కానింగ్‌లో గడ్డ మచ్చ కొన్ని నెలలు కనిపించినా కంగారు పడనక్కరలేదు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో చేరేముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఈలోగా ఒక్కసారిగా కడుపునొప్పి పెరిగినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.