‘రివర్సల్ పొటెన్షియల్’కి తెలుగులో ఏం రాద్దాం?

పర్లాకిమిడి నుంచి:
మాస్టారూ, మన సంఘం పత్రికకి మెదడు కణాల మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఇన్హిబిటరీ రివర్సల్ పొటెన్షియల్’కి ‘నిరోధక ఉత్క్రమ విభవం’ అని పెట్టాను, బాగుందా? దాని విలువ ఒకచోట మైనస్ 65 మిల్లీవోల్టులు, ఇంకోచోట మైనస్ 80 అని ఉంది. ఏది వెయ్యమంటారు?

బరంపురం నుంచి:
‘ఉత్క్రమ’ వద్దమ్మా. భౌతికశాస్త్రంలో ‘ఉత్క్రమణీయ ప్రక్రియ’ చదివిన పిల్లలు దీన్నీ అదే అనుకుంటారు. ఇక్కడ తిరగబడేది వోల్టేజీ కాదు, కరెంటు. గాబా (మెదడు కణాల్ని మామూలుగా నెమ్మదింపజేసే రసాయనం) తగిలి కణం పొరలో క్లోరైడ్ అయాన్ల దారులు తెరుచుకున్నప్పుడు, ఏ వోల్టేజీ దగ్గర నికర కరెంటు సున్నా అయి, దాన్ని దాటగానే ఎదురు దిక్కుకి పారుతుందో అదీ సంగతి. ‘కరెంటు దిశ మారే వోల్టేజీ’ అని రాయండి. పొడుగైనా పరవాలేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి వాడుక మాటకి జంకడమెందుకు?

ఇక అంకె. ఒక్కటే వేస్తే తప్పుదోవ పట్టించినట్టే. కణం బయట క్లోరైడ్ 130 మిల్లీమోలార్, లోపల 10 ఉంటే, 37 డిగ్రీల దగ్గర క్లోరైడ్ లెక్క (లోపలా బయటా ఉన్న గాఢతల్ని బట్టి కట్టే వోల్టేజీ) సుమారు మైనస్ 69 మిల్లీవోల్టులు. లోపల 5 ఉంటే మైనస్ 87. ఇంత చిన్న తేడాకే అంత మార్పు! పైగా హోల్‌సెల్ ప్యాచ్ పద్ధతిలో, అంటే సన్నని గాజు పిపెట్టుని కణానికి అంటించి పొరని చీల్చి కొలిచేటప్పుడు, పిపెట్టులోని ద్రవం కణంలోకి వెళ్ళి కలుస్తుంది. అప్పుడు మనం కొలిచేది చాలావరకు మనం పోసిన క్లోరైడ్‌నే. అందుకే గ్రామిసిడిన్ అనే యాంటీబయాటిక్ వాడతారు. అది పొరకి వేసే రంధ్రాల్లోంచి సోడియం, పొటాషియం పోతాయి గాని క్లోరైడ్ పోదు, కణం తన క్లోరైడ్‌ని తానే ఉంచుకుంటుంది. అయినా పిపెట్టు దగ్గర కరెంటుకి ఎదురయ్యే విద్యుత్ నిరోధాన్నీ, ద్రవాలు కలిసేచోట పుట్టే వోల్టేజీనీ లెక్కలోకి తీసుకుని సవరించకపోతే అంకె పక్కకి జరుగుతుంది. దూరపు డెండ్రైట్ల (కణం కొమ్మల) దగ్గర వోల్టేజీ మీద మన పట్టు సరిగా అందదు. గాబా దారిలో బైకార్బొనేట్ కూడా కొంత పోతుంది, దాంతో విలువ క్లోరైడ్ లెక్క కంటే కాస్త సున్నా వైపు ఉంటుంది.

రాయగడ నుంచి:
‘నిరోధక’ అన్న మాటకి అభ్యంతరం లేదా మాస్టారూ?

బరంపురం నుంచి:
ఉంది బాబూ. లేత న్యూరాన్లలో (మెదడు కణాల్లో) క్లోరైడ్‌ని లోపలికి తెచ్చే ఎన్‌కేసీసీ1 అనే ప్రొటీను ఎక్కువ, బయటికి తోసే కేసీసీ2 అనే ప్రొటీను తక్కువ. అక్కడ గాబా కణాన్ని సున్నా వైపుకే లాగుతుంది, ఒక్కోసారి ఉత్తేజపరుస్తుంది కూడా. అందుకని ‘గాబా కరెంటు దిశ మారే వోల్టేజీ’ అంటే పేచీ ఉండదు.

పర్లాకిమిడి నుంచి:
అయితే ప్రతి అంకె పక్కనా పద్ధతి, జంతువు వయసు కూడా వేస్తానండి.

బరంపురం నుంచి:
ఉష్ణోగ్రత కూడా వెయ్యండమ్మా.