అప్‌డేట్: మే నెలలో అమ్మతో విశాఖ వెళ్లి వచ్చాం

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను నడివేసవిలో విశాఖపట్నం తీసుకువెళ్లవచ్చా అని నెల కిందట అడిగాను. నల్గొండ నుంచి గుంటూరు మీదుగా రైల్లో వెళ్లి, క్షేమంగా తిరిగి వచ్చాం. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఉష్ణోగ్రత అంకె చూసి మోసపోవద్దని ఒకరు హెచ్చరించారు. అక్షరాలా నిజం. మా ఊళ్లో ఎండ నలభై దాటినా గాలి పొడిగా ఉంటుంది. డాబా మీద తువ్వాలు పది నిమిషాల్లో ఆరిపోతుంది. అక్కడ 35 డిగ్రీలే, కానీ రాత్రి ఆరేసిన తువ్వాలు తెల్లవారినా చెమ్మగానే ఉంది. ఒంటి మీది చెమటా అంతే. మజ్జిగ, ముంజలు, మధ్యాహ్నమంతా గదిలో విశ్రాంతి: ఇవే మమ్మల్ని కాపాడాయి.

పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి నీటి మీదుగా ఒడ్డుకు వీస్తుంది. సాయంత్రం రామకృష్ణా బీచ్ గట్టు మీద కూర్చోగానే అమ్మ కొంగు నిలవలేదు. రెండు చేతులతో పట్టుకుని, పెదవి తడుముకుని, "గాలి కూడా ఉప్పగా ఉందిరా" అని నవ్వింది. నాన్న పోయాక ఆమె అలా నవ్వడం ఇదే మొదటిసారి.

కురుసుర జలాంతర్గామి మ్యూజియంలో ద్వారాలు ఇరుకు, గుండ్రంగా ఉంటాయి, కాలెత్తి దాటాలి. అమ్మ బయటే ఆగింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు గుర్తుంచుకోండి. అలలు బలంగా లోపలికి లాగుతాయి, పాదాలు తడిసేంత వరకే దిగండి.

డిసెంబరులో మళ్లీ వెళ్దామని అమ్మే అడుగుతోంది.