పెంపుడు కుక్కతో పల్లెటూరి కాటేజీలో మూడు రాత్రులు: ముందుగా యజమానిని ఏమేమి అడగాలి?

ప్రశ్న (బరంపురం నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తొమ్మిదేళ్ల లాబ్రడార్ ఉంది, పేరు బంటి. డిసెంబరు చివరి వారంలో మా అత్తగారితోనూ ఇద్దరు పిల్లలతోనూ కలిసి ఏదైనా పల్లెటూరి కాటేజీలో మూడు రాత్రులు గడిపి రావాలనుకుంటున్నాము. మొదట దారింగబాడి అనుకున్నాము గాని, దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉండే ఆ ఊరి చలికి బంటి వెనక కాళ్ల కీళ్లు పట్టేస్తాయేమోనని వెనుకాడి, గజపతి జిల్లాలో పర్లాకిమిడి పరిసరాలను ఎంచుకున్నాము.

మా సందేహమంతా కిందటేటి అనుభవం వల్ల వచ్చింది. ఒక విడిది వారు పెంపుడు జంతువులను తీసుకురావచ్చని ఫోనులో చెప్పి, అడ్వాన్సు తీసుకుని, తీరా మేము సామాను దించాక కుక్కను వెనక షెడ్డులో కట్టేయాలన్నారు. పిల్లగా వచ్చిన రోజు నుంచి మా మంచం పక్కనే పడుకునే ప్రాణి రాత్రంతా ఏడుస్తూనే ఉంది. మా వారు దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ ఆ షెడ్డు గుమ్మంలోనే కూర్చున్నారు. అలాంటి రాత్రి మళ్లీ రాకూడదని అడుగుతున్నాను. డబ్బు కట్టే ముందు ఏయే విషయాలు తేల్చుకోవాలో, బంటి వయసును బట్టి ఇంకేమి చూసుకోవాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (పర్లాకిమిడి, జీడితోట యజమాని)

నమస్కారమమ్మా. మా జీడితోటలో రెండు గదుల ఇల్లు కట్టి ఆరేళ్లుగా అతిథులకు ఇస్తున్నాను, వారిలో కుక్కలతో వచ్చేవారూ ఉంటారు. మీరు ఎక్కడ దిగినా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కుక్కను రానిస్తారా అని అడిగితే బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక ఎవరైనా రానిస్తామనే అంటారు. అలా కాక, రాత్రిపూట మా కుక్క ఎక్కడ పడుకోవాలి, మేము భోజనానికి కూర్చున్నప్పుడు ఎక్కడ ఉండాలి, దానికి విడిగా ఎంత తీసుకుంటారు అని అడిగి, ఆ జవాబులను వాట్సాప్‌లో రాయించుకోండి. రాసి ఇవ్వడానికి వెనుకాడే చోటికి వెళ్లవద్దు.

తరవాత కంచె సంగతి. ఈ విషయంలో తప్పు నాదే కాబట్టి దాచకుండా చెబుతాను. మా తోట గేటు కింద జానెడు సందు ఉండేది, అది నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. రెండేళ్ల కిందట ఒక అతిథి తెచ్చిన చిన్న స్పిట్జ్ కుక్క తెల్లవారుజామున అందులోంచి దూరి, పక్కనున్న సవర కుటుంబం కోళ్ల మీద పడింది. నాలుగు కోళ్లు చచ్చాయి. అతిథీ నేనూ కలిసి డబ్బు ఇచ్చాము గాని, వాటిలో ఒకటి పొదుగు మీదున్న పెట్ట. ఆ ఇంటి ముసలమ్మ ఒక్క మాటైనా అనకుండా, చల్లబడిపోతున్న గుడ్లను ఒక్కొక్కటిగా కొంగులోకి ఏరుకుంటూంటే నేను తల ఎత్తలేకపోయాను. ఆ వారమే గేటు కింద ఇటుకలు పేర్చి సిమెంటు చేయించాను. కనుక గదుల ఫొటోలతో పాటు గేటు అడుగు భాగం ఫొటో, చుట్టూ కంచె ఫొటో కూడా పంపమనండి. చుట్టుపక్కల కోళ్లు, మేకలు ఉన్నాయేమో, కాపలావాడికి సొంత కుక్కలున్నాయేమో కూడా కనుక్కోండి.

కీళ్ల నొప్పి ఉందన్నారు కాబట్టి గచ్చు ఎలాంటిదో తప్పక అడగండి. ఇప్పుడందరూ నున్నటి టైల్స్ వేయిస్తున్నారు. వాటి మీద పెద్దవయసు కుక్క లేవబోతే వెనక కాళ్లు చెరో పక్కకి జారిపోతాయి, ఒకసారి జారిందంటే భయంతో మళ్లీ లేవడానికే ఒప్పుకోదు. నాలుగు గోనె సంచులు తీసుకెళ్లి, మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా వరుసగా పరచండి. మెట్లు లేని గది అడగండి.

ఇక జీడితోటలో దిగేవారు అడగవలసినది ఒకటుంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. డిసెంబరు నుంచి చిగురు, పూత వచ్చే కాలం కావడంతో చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగుకు మందు కొడతారు. మందు కొట్టిన తోటలో తిరిగిన కుక్క పాదాలు నాకుతుంది, అక్కడి గడ్డి తింటుంది. ఎప్పుడు కొట్టారో, మళ్లీ ఎప్పుడు కొడతారో తేదీలు అడిగి తెలుసుకోండి. వేసవిలో వచ్చేవారికైతే రాలిన పిక్కలతో ప్రమాదం: పచ్చి జీడిపిక్క పెంకులోని రసం తగిలితే కుక్క నోరు పొక్కిపోతుంది.

జవాబు 2 (రాయగడ, విశ్రాంత పశువైద్యుడు)

తోట యజమాని గారు చెప్పినవి అక్షరాలా పాటించదగినవి. వైద్యం వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను.

రేబిస్ టీకా గడువు దాటకుండా చూసుకుని, టీకాల పుస్తకం వెంట ఉంచుకోండి. పల్లెల్లో వీధికుక్కలు కొత్త కుక్కను చూస్తే గుంపుగా వస్తాయి. అవి కరిస్తే, టీకా వేయించి ఉన్నా సరే, గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే వైద్యుడికి చూపించాలి. పొలాల దగ్గర నిలవనీటిలో ఎలుకల మూత్రం కలుస్తుంది కాబట్టి దాని వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బుకు రక్షణ ఇచ్చే టీకా కూడా ఏటేటా వేయిస్తున్నారో లేదో సరిచూసుకోండి. తాగడానికి ఇంటి నీళ్లే ఇవ్వండి.

తోటల్లోనూ పశువులు తిరిగే చోట్లనూ నేను ఎక్కువగా చూసిన బాధ పిడుదులది. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లికియా, బబేసియా జ్వరాలు ఊరి నుంచి తిరిగొచ్చిన రెండు మూడు వారాలకు బయటపడతాయి. అప్పటికి ప్రయాణం సంగతే మరిచిపోయి, తిండి మానేసిందని మాత్రమే చెబుతారు. బయల్దేరే ముందే మీ వైద్యుణ్ణి అడిగి పిడుదుల మందు వేయించండి. రోజూ సాయంత్రం వేళ్ల సందుల్లో, చెవుల లోపల, మెడపట్టీ కింద వేలితో తడిమి చూడండి. తిరిగొచ్చాక జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి.

చలికి కుంటుతోందని ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ వంటి మనుషుల మాత్రలు బంటికి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు. ఐబుప్రొఫెన్ వల్ల కడుపులో పుండ్లు పడి మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కలను నేనే చూశాను. నొప్పికి మందు మీ వైద్యుడి చేతనే రాయించుకుని తీసుకెళ్లండి. పాము కరిస్తే కట్టు కట్టవద్దు, గాయం కోయవద్దు, కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెళ్లాలి. విషానికి విరుగుడు మందు ఏ పశువైద్యశాలలో ఉందో దిగకముందే ఫోను చేసి తెలుసుకోవడం మేలు.

జవాబు 3 (గుణుపురం నుంచి)

మేము రెండుసార్లు మా కుక్కతో ఆ వైపు వెళ్లాము. ఘాట్ రోడ్డు మలుపులకు వాంతి చేసుకుంటుంది కాబట్టి బయల్దేరడానికి మూడు గంటల ముందే తిండి పెట్టేయండి. గండహాతి జలపాతానికి వెళ్లినా, 1501 మీటర్ల మహేంద్రగిరి ఎక్కినా తాడు వదలకండి. ఆ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. తాడు లేని కుక్క ముందుకు పరిగెత్తి ఎలుగును రెచ్చగొట్టి, భయపడి తిరిగి మన దగ్గరికే వస్తుంది, దాని వెనకే ఎలుగూ వస్తుంది. చీకటి పడ్డాక, తెల్లవారకముందు కుక్కను బయట తిప్పవద్దు. లఖారీ లోయ అభయారణ్యంలోకి పెంపుడు కుక్కలను తీసుకెళ్లకూడదు. చంద్రగిరి దగ్గర జిరంగ్ బౌద్ధారామం చూడాలనుకుంటే ఇంటివాళ్లు రెండు జట్లుగా లోపలికి వెళ్లండి, బంటిని కారులో ఒంటరిగా ఉంచి తలుపులు మూయవద్దు. డిసెంబరు ఎండలోనైనా మూసిన కారు త్వరగా వేడెక్కుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఈ ఉదయమే ముగ్గురు యజమానులకు ఫోను చేశాను. రాత్రి ఎక్కడ పడుకోవాలని అడగగానే ఒకరు వరండాలో అన్నారు, ఒకరు మళ్లీ చేస్తామని పెట్టేశారు. మూడో ఆవిడ, మీ మంచం దగ్గరే పడుకోనివ్వండమ్మా, దుప్పటి మాత్రం మీదే తెచ్చుకోండి అని చెప్పి, అడగకుండానే ఆ మాట రాసి పంపారు. గేటు ఫొటో అడిగితే చీపురు పుల్ల సందులో పెట్టి తీసి పంపారు, మూడు వేళ్ల ఎడం కూడా లేదు. మందు కొట్టే తేదీ ఒక్కటే తేలాలి.

జవాబు 1 (పర్లాకిమిడి, జీడితోట యజమాని)

ఆ తేదీ ఆవిడకు తెలియకపోవచ్చమ్మా, తోట కౌలుకు ఇచ్చి ఉంటే కౌలుదారును అడిగి చెప్పమనండి. గోనె సంచులు మాత్రం ఎరువులవి కాకుండా బియ్యానివి తీసుకెళ్లండి.