దుకాణం మూశాక ఆ గంటను దేనితో నింపాలి?

మిర్చి గుమస్తా, గుంటూరు:
యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి. తేజ రకం మిర్చి ధర పడిన రోజు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికిస్తే రైతు నన్నే తిడతాడు, ధర నేనే వేసినట్టు. వ్యాపారి డబ్బు ఆలస్యం చేస్తే షావుకారు కోపమూ నామీదే. తాళం వేశాక దారిలో క్వార్టర్ పడితేనే ఇంట్లో మనిషిలా మాట్లాడగలను. మానాలని ఉంది. ధ్యానం మాత్రం చెప్పకండి, కళ్లు మూస్తే పట్టీలే కనిపిస్తాయి.

లారీ బుకింగ్, ఒంగోలు:
అన్నా, ఆ వేళకు మనకు వేసేది సగం ఆకలే. నాలుగు వేరుశనగ గింజలు, అరటిపండు తిని, మందు దుకాణం లేని దారిలో ఇంటికి వెళ్లు. నేను షటిల్ ఆడతాను. ఆడాక తాగాలనిపించదని అబద్ధం చెప్పను. అనిపిస్తుంది, కానీ చెమట పట్టిన ఒంటికి స్నానం, అన్నం ముందు గుర్తొస్తాయి.

కోలాటం బృందం, కడప:
మా దగ్గర సాధనకు రాత్రిపూట చేరతాం. అడుగు తప్పితే కర్ర పక్కవాడి వేళ్లకు తగులుతుంది, ఇక పట్టీలు గుర్తొచ్చే తీరిక ఎక్కడిది? ఏమైందని ఎవరూ అడగరు కూడా. నాకు అదే హాయి.

వార్డు నర్సు, విజయవాడ:
గుమస్తా గారూ, ఉదయం చేతులు వణుకుతున్నాయా? రోజూ బాగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. తాగితే నిద్ర త్వరగా పడుతుంది, ప్రభావం దిగేకొద్దీ తెల్లవారుజామున తెగిపోతుంది. ఆ చిరాకునూ యార్డు ఖాతాలో రాస్తాం! ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మిర్చి గుమస్తా, గుంటూరు:
వణుకు ఉంది. టీ తాగితే తగ్గుతుందని సరిపెట్టుకుంటున్నాను. శనివారం యార్డుకు సెలవు, ఆసుపత్రికి వెళ్తాను.

వార్డు నర్సు, విజయవాడ:
వెళ్లండి. రోజుకు ఎంత తాగుతారో తగ్గించి చెప్పకండి, డాక్టరు ఆ లెక్కను బట్టే మందులు రాస్తారు. అప్పటిదాకా పంతానికి పోయి ఒక్కసారిగా ఆపకండి. ఈలోపు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినట్టు మాట్లాడినా వెంటనే 108కి ఫోన్ చేయమని ఇంట్లో చెప్పి ఉంచండి.